కంపెనీ వదిలేసిన పని

లారీని ఒకప్పుడు సగమే అమ్మేవారండి. ఇంజను, పొడుగాటి ఇనప ఫ్రేము, చక్రాలు, ముందు రేకు ముఖం, దాని వెనక స్టీరింగు. కంపెనీ ఇచ్చేది అంతవరకే. దాన్నే ఛాసిస్ అంటాం. డ్రైవరు కూర్చునే సీటు, నెత్తిన కప్పు, పక్కన తలుపు, వెనక సరుకు వేసే బాడీ, అన్నీ కొన్నవాడు బయట చేయించుకోవాల్సిందే. మా నాన్న, ఆయన తర్వాత నేను, బతికింది ఆ మిగిలిపోయిన సగం మీద. రావులపాలెంలో హైవే వారన మాది సీటు కొట్టు. నాన్న రాజమండ్రిలో ఒక సాయిబు గారి దగ్గర సూది పట్టారు, నేను నాన్న దగ్గర పట్టాను. సీట్లు కుట్టాం, కప్పుల లోపలి రెక్సిన్లు కుట్టాం, ఇంజను బానెట్ల మీద పరుపులు కుట్టాం. అన్నిటికంటే ఎక్కువసార్లు మా చేతుల్లోకి వచ్చింది మాత్రం స్టీరింగు.

స్టీరింగుకి తొడుగు వెయ్యడం చూట్టానికి చిల్లర పని. లారీ లక్షల్లో ఉంటే తొడుగు రూపాయల్లో. కానీ దాని వెనక పెద్ద లెక్కే ఉంది. డెల్టాలో పండిన బియ్యం, కొబ్బరి, అరటి, చేప పక్క రాష్ట్రాలకు చేరాయంటే ఎవరో ఒకడు రాత్రంతా ఆ చక్రం పట్టుకుని కూర్చోబట్టే. వాడి చెయ్యి బొబ్బలెక్కకుండా, ఒళ్ళు ఉడికిపోకుండా చూసే ఖర్చు ఎవరిది? కంపెనీ దాని జోలికి పోలేదు. ఓనరు తన ఖాతాలో రాసుకోలేదు. చట్టం ఒకటి వచ్చినా అది మా ఊరి లారీల దాకా రాలేదు. డ్రైవరే తన బత్తాలోంచి తీసి మా చేతిలో పెట్టేవాడు. నాకు తెలిసిన లారీ చరిత్ర ఆ చేతిలోంచి చూసినదే.

కాలవ మీంచి రోడ్డు మీదికి

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక చాలాకాలం డెల్టాకి కాలవలే రోడ్లు. కాటన్ దొర కాలవలు తవ్వించింది పొలాలకు నీళ్ళ కోసం ఎంతో, పడవల రాకపోకల కోసమూ అంతే. లాకులు కట్టించింది అందుకే. కాకినాడ కాలవ, ఏలూరు కాలవ మీద వడ్లూ బియ్యమూ పడవల్లో పోయేవి. ఏలూరు కాలవ వెళ్ళి కృష్ణా కాలవల్లో కలిసేది. అటునుంచి బకింగ్‌హామ్ కాలవ పట్టుకుంటే మద్రాసు దాకా నీటి దారే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు లాగే మనుషులు. ఆనకట్ట పనులతో పాటే ధవళేశ్వరంలో వర్క్‌షాపు వెలిసింది. లాకుల తలుపులు, పడవలు, ఇనప సామాను చేసే చేతులు ఈ ప్రాంతంలో అప్పట్నించీ ఉన్నాయి. మోటారు వచ్చేసరికి దానికి ఒళ్ళు కట్టడానికి వడ్రంగినీ కమ్మరినీ బయటినుంచి పిలవాల్సిన అవసరం పడలేదు.

జనరల్ మోటార్స్ వాళ్ళు 1928లో బొంబాయిలో బండ్లు బిగించడం మొదలుపెట్టారు. ఆ కాలపు షెవర్లేలకీ ఫోర్డులకీ చెక్క బాడీలు కట్టి బస్సులుగా, లారీలుగా తిప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషను వచ్చినప్పుడు బండి వెనకాల బొగ్గు గ్యాసు పొయ్యి బిగించి నడిపారు. దాని ముచ్చట్లు సాయిబు గారి నోట విని నాన్న మాకు చెప్పేవారు. తెల్లారగట్లే లేచి పొయ్యి రాజేసి, గ్యాసు పట్టేదాకా విసరాలి. ఎత్తు వస్తే జనం దిగి తోయాలి. డ్రైవరు దిగేసరికి మొహం మసి, చేతులు మసి. స్టీరింగు మీద పాత పంచె గుడ్డ చుట్టుకోవడం ఆ రోజుల్లోనే ఉందట. మసి చేతికి నున్నటి చక్రం జారిపోయేది మరి.

1954లో జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్ళు జర్మనీ మెర్సిడెస్ బెంజితో కలిసి లారీలు చెయ్యడం మొదలుపెట్టారు. ఎన్నూరులో అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయ్యింది. డెల్టా రోడ్ల మీద అసలైన లారీ కాలం వీటితోనే. జర్మనీ వాళ్ళతో ఒప్పందం 1969లో ముగిసి మూతి మీద చుక్క గుర్తు పోయి టాటా గుర్తు వచ్చింది. మా పాత డ్రైవర్లు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం దాన్ని బెంజి లారీ అనే అన్నారు.

బండి మారినా గోదారి మారలేదు. పాయ దాటాలంటే పంటే గతి. కోటిపల్లి దగ్గర, యానాం దగ్గర, నర్సాపురం సఖినేటిపల్లి మధ్య, రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచిన పంటు మీదికి లారీని ఎక్కించాలి. ఇసక రేవు, తడి పలకలు, రెండు పక్కలా నీళ్ళు. లారీ స్టీరింగు పరుగులో ఉన్నప్పుడు అంత బరువనిపించదు. బండి నిలబడినప్పుడు, అంగుళం అంగుళం కదిలేటప్పుడు, లోడు ముందు టైర్ల మీదికి వాలి ఇసకలో దిగబడితే అప్పుడు తెలుస్తుంది దాని బరువు. డ్రైవరు సీట్లోంచి సగం లేచి, చక్రానికి ఒళ్ళు ఆనించి తిప్పేవాడు. క్లీనరు బయట నిలబడి ‘రైట్… రైట్… కోసెయ్’ అని అరిచేవాడు. భుజాలు పోయిన డ్రైవర్లు చెప్పే ఊళ్ళ పేర్లలో రేవుల పేర్లే ఎక్కువ.

1974లో రాజమండ్రి కొవ్వూరు మధ్య రోడ్డు, రైలు కలిసిన వంతెన తెరిచారు. కింద రైలు, పైన నాలుగు కిలోమీటర్లు దాటిన రోడ్డు. పాయల మీద కూడా ఒక్కొక్క వంతెనా వచ్చింది. వంతెన వచ్చిన చోటల్లా పంటు దగ్గర గంటలు గంటలు ఆగడం పోయింది. ఆగే టైములో డ్రైవరు నిద్రపోయేవాడు, వండుకునేవాడు, నడుం వాల్చేవాడు. ఆ తీరికా పోయింది. ఓనరుకి ట్రిప్పులు పెరిగాయి, డ్రైవరుకి సీటు మీద గంటలు పెరిగాయి. మా కొట్టుకి బేరం పెరిగింది కూడా అప్పుడే.

చెక్క పెట్టె మీద జంషెడ్‌పూర్ నుంచి

కొత్త లారీ కొన్న ఓనరు డ్రైవర్ని రైలెక్కించి జంషెడ్‌పూర్ పంపేవాడు. అక్కడ ఛాసిస్ అప్పగించుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు తోలుకు రావాలి. కప్పు లేదు, తలుపు లేదు, చాలాసార్లు ముందు అద్దమూ లేదు. ఫ్రేము మీద చెక్క పెట్టె ఒకటి తాళ్ళతో కట్టుకుని, దాని మీద గోనె సంచి మడత వేసుకుని కూర్చునేవారు. వేసవిలో అయితే తలకు తడి తువ్వాలు. డిసెంబరు, జనవరి నెలల్లో అయితే మంకీ క్యాపు, దుప్పటి, దాని మీద ఇంకో దుప్పటి. ఒరిస్సా కొండ దారుల్లో తెల్లవారుజామున ఎదురుగాలి నేరుగా వేళ్ళ మీద కొట్టేది.

గోదారి జిల్లాల డ్రైవర్లకి చలి చేతులంటే ఏమిటో తెలిసింది ఆ ప్రయాణాల్లోనే. స్టీరింగు లోపల ఇనప కడ్డీ, పైన గట్టి ప్లాస్టిక్కు పూత. రాత్రంతా మంచులో తడిసిన దాన్ని పొద్దున్నే పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవని చెప్పేవారు. ఒక చెయ్యి చక్రం మీద ఉంటే రెండోది చంకలో. కాసేపయ్యాక చేతులు మార్చుకోవడం. టీ కొట్టు కనపడితే టీ తాగడానికి కంటే గ్లాసు పట్టుకోవడానికి ఆగేవారు. కొందరు పాత స్వెట్టరు చేతులు కత్తిరించి చక్రానికి తొడిగి, మీద జనపనార పురికొస చుట్టుకు వచ్చేవారు. ఆ ఛాసిస్ మా కొట్టు ముందు ఆగితే ముందుగా విప్పేది ఆ స్వెట్టరు ముక్కనే.

ఇక్కడికొచ్చాక బాడీ పని. విజయవాడ ఆటోనగర్‌కి పోయేవి కొన్ని, రాజమండ్రిలో, తాడేపల్లిగూడెంలో కట్టించుకునేవి కొన్ని. వడ్రంగి కేబిన్ లేపుతాడు, రేకు పనివాడు రేకు కొడతాడు, పెయింటరు పూలూ నెమళ్ళూ వేస్తాడు, ఆటో ఎలక్ట్రీషియన్ లైట్లు లాగుతాడు. చివర్లో మా వంతు. సీటుకి అడుగున నవారు, మధ్యలో కొబ్బరి పీచు, పైన రెక్సిన్. పీచుకి మాకు ఎప్పుడూ కరువు లేదు, అంబాజీపేట పక్కనే ఉంది. స్పాంజి వచ్చాక కూడా పెద్ద డ్రైవర్లు పీచే అడిగేవారు. పీచులో గాలి ఆడుతుంది, చెమట నిలవదు. ఇంజను సగం కేబిన్ లోపలే ఉండే బండ్లలో బానెట్ మీద పీచు పరుపు, రెక్సిన్ వేసి మందంగా కుట్టేవాళ్ళం. ఎంత మందం వేసినా మే నెలలో దాని పక్కన కూర్చున్నవాడి ఎడమ కాలు కాలుతూనే ఉండేది. కుడి చెయ్యి సంగతి వేరే. అది కిటికీ అంచున ఎండలోనే ఉంటుంది. లారీ డ్రైవరు చొక్కా విప్పితే రెండు చేతులు రెండు రంగులు.

చుట్టే పని

పవర్ స్టీరింగు లేని లారీ చక్రం మూరకు పైన అడ్డకొలత. చక్రం పెద్దదైతే తిప్పే చేతికి బలం కలిసొస్తుంది, అందుకే అంత పెద్దది. కింద గేరు పెట్టెలో ఒక స్క్రూ, దాని మీద నట్టు, రెంటి మధ్య ఉక్కు గుళ్ళు. చక్రం తిప్పితే గుళ్ళు దొర్లి నట్టు కదులుతుంది, అది ముందు టైర్లను తిప్పుతుంది. చేతికి బరువు తగ్గాలంటే చుట్లు పెరగాలి. ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పాలంటే ఐదారు చుట్లు పట్టేది. రావులపాలెం సంతలో అరటి లారీని వెనక్కి పెట్టి బయటికి తియ్యడంలో అరచేతులు ఆ చక్రం మీద ఎంత దూరం రాసుకుంటాయో ఊహించుకోండి. కొన్నేళ్ళు తిరిగితే ప్లాస్టిక్కు పూత ఎండకు నెరిసి పగుళ్ళిస్తుంది. పగులు అరచేతిలో గీసుకుంటుంది, చెమట పడితే మండుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆపిన బండి ఎక్కి చక్రం ముట్టుకుంటే చురుక్కుమంటుంది. రాజమండ్రిలో వేసవి 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. అద్దం వెనక ఉన్న చక్రానికి అంతకంటే ఎక్కువే.

మా దగ్గర మొదట గుడ్డ, పురికొస. తర్వాత నైలాన్ తాడు. డెబ్భైల నుంచి బుట్టలల్లే ప్లాస్టిక్కు వైరు వచ్చి రాజ్యమేలింది. అది రంగురంగుల్లో దొరికేది, నీళ్ళకు పాడవదు, చవక. చక్రం అడ్డుకడ్డీ దగ్గర మొదలుపెట్టి ప్రతి చుట్టునీ దాని ముందు చుట్టులోంచి దూర్చి లాగాలి. అప్పుడు చక్రం లోపలి వైపు ముడులన్నీ వరసగా కూర్చుని వెన్నుపూసలా గరుగ్గా నిలబడతాయి. వేళ్ళు ఆ గరుకు పట్టుకుంటాయి, అరచేతికి మాత్రం నున్నటి వైపే తగులుతుంది. లోపల చెమట పోవడానికి చుట్ల మధ్య సందు ఉంటుంది. కొసని అగ్గిపుల్లతో కరిగించి లోపలికి అణచాలి. బిగువు తగ్గితే వైరు చక్రం మీద తిరుగుతుంది, మలుపులో చెయ్యి మోసపోతుంది. అందుకే డ్రైవరు తొడుగు వేయించుకున్నాక రెండు చేతులతో మెలిపెట్టి చూసి గానీ డబ్బులిచ్చేవాడు కాదు. ‘బాబాయ్, ఇది కదుల్తుంది, మళ్ళీ కట్టు’ అంటే మారు మాట లేకుండా విప్పేసేవాళ్ళం.

రెక్సిన్ తొడుగు పని వేరు. చక్రం చుట్టుకొలత, కడ్డీ లావు తీసుకుని, లావు కంటే కాస్త తక్కువగా ముక్క కత్తిరించాలి. రెండు అంచుల్లో బెజ్జాలు వేసి, ఎండలో పెట్టి మెత్తబడ్డాక సాగదీసి, మైనం పట్టించిన దారంతో అడ్డదిడ్డంగా లాగి కుట్టాలి. నీడకొచ్చి చల్లారితే బిగుసుకుంటుంది. అంబాసిడర్ టాక్సీ వాళ్ళు ఇదే అడిగేవారు, వాళ్ళ చక్రం సన్నం. లారీల్లో షోకు చేసేవాళ్ళు బొచ్చు తొడుగులు, పూసలు, చక్రం మీద తిప్పుడు గుండీ పెట్టించుకునేవారు. గుండీ పట్టుకుని ఒక్క చేత్తో చక్రం గిర్రున తిప్పెయ్యొచ్చు. గుంతలో పడి చక్రం ఎదురు తిరిగితే అదే గుండీ మణికట్టుని కొట్టేది. నాన్న దాన్ని బిగించడానికి ఎప్పుడూ ఇష్టపడలేదు.

పని అయ్యాక చాలామంది బండిని నేరుగా తుని పక్కన తలుపులమ్మ లోవకి తోలేవారు. కొత్త బండికి అక్కడ పూజ చేయిస్తే దారిలో అమ్మ కాస్తుందని ఈ జిల్లాల డ్రైవర్ల నమ్మకం. అందుకే ఈ వైపు బండ్ల నుదుటి మీద తల్లి తలుపులమ్మ పేరు అంతగా కనిపిస్తుంది. స్టీరింగుకి పసుపు, కుంకుమ, నిమ్మకాయ. పూజ ఖర్చు ఓనరుదే, దాంట్లో ఎప్పుడూ తేడా లేదు. తొడుగు ఖర్చు దగ్గరే తేడా.

ఎవరి ఖాతా?

ఓనర్లు చెడ్డవాళ్ళని నేను అనను. ఎక్కువమంది ఒకటి రెండు బండ్ల వాళ్ళు, పొలమో నగలో పెట్టి ఫైనాన్స్‌లో కొన్నవాళ్ళు. టైరు పగిలితే ఇంట్లో పొయ్యి గురించి ఆలోచించాల్సిన పరిస్థితి. వాళ్ళ పుస్తకంలో డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు, పర్మిటు, జీతం, బత్తా ఉండేవి. స్టీరింగు తొడుగు, కేబిన్‌లో చిన్న ఫ్యాను, నడుముకి పూసల సీటు, ముందు బంపరుకి వేలాడే కాన్వాసు నీళ్ళ సంచి, ఇవి డ్రైవరు సొంత షోకులుగా లెక్క. ఒక డ్రైవరు బండి మారితే తన ఫ్యాను విప్పుకుని, పూసల సీటు చంకన పెట్టుకుని పోయేవాడు. తొడుగు మాత్రం వదిలెయ్యాల్సి వచ్చేది. కొందరు అదీ కోసి తీసుకుపోయేవారు.

1961లో మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు పని. రాత్రి ఆగే చోట విశ్రాంతి గదులు, యూనిఫారాలు, వాన కోట్లు. చదివితే బాగానే ఉంటుంది. కానీ ఆ చట్టం ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే వర్తించేది. ఒక లారీ, ఒక డ్రైవరు, ఒక క్లీనరు ఉన్న చోట ఆ లెక్కకి మనుషులే సరిపోయేవారు కాదు. డెల్టాలో లారీలు ఎక్కువ భాగం అలాంటివే. కాబట్టి మా ఊళ్ళో విశ్రాంతి గది అంటే బానెట్ మీద మేము కుట్టిన పరుపే, ఎనిమిది గంటలంటే ఒక టీకీ ఇంకో టీకీ మధ్య ఎంత దూరమైతే అంత.

చేపల లారీలు, చలి, కెనడా

కొల్లేరు చుట్టుపక్కల, ఆకివీడు, భీమవరం, కైకలూరు వైపు చెరువులు పెరిగాక బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో హౌరాకి, సిలిగురికి, గౌహతికి పోవడం మొదలైంది. తణుకు, అనపర్తి కోడిగుడ్లు కూడా అటే. కడియం మొక్కలు ఢిల్లీ దాకా. భీమవరం నుంచి గౌహతి రెండు వేల కిలోమీటర్లకు పైనే. ఐసు కరిగేలోపు చేరాలి, ఆగడానికి లేదు. జనవరిలో ఆ లారీ బెంగాల్ దాటి పైకి పోతుంటే మంచు రోడ్డు మీద తెర కట్టేస్తుంది. అదే బానెట్ అప్పుడు పనికొచ్చింది. వేసవిలో ఏ వేడిని తిట్టుకున్నారో, శీతాకాలం దాని మీదే చేతులు కాచుకుంటూ పోయారు. చేపల డ్రైవర్లు వైరు తొడుగు వద్దనేవారు. ప్లాస్టిక్కు చలికి బిర్రబిగుస్తుంది, చేపనీళ్ళ చెయ్యి దాని మీద జారుతుంది. ముతక గుడ్డ మీద రెక్సిన్ వెయ్యమనేవారు. మాకు చలికాలపు తొడుగు కూడా ఉందని తెలిసింది వాళ్ళవల్లే.

మా మేనల్లుడు కెనడాలో కాల్గరీలో ఉంటాడు. అక్కడ చలి సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందికి పోయే రోజులుంటాయి. పికప్ కొన్నాడు, దానికి స్టీరింగు వేడెక్కే ఏర్పాటు లేదు, ఖరీదైన మోడల్లోనే వస్తుందట. బయట కిట్ కొని వేయించుకున్నాడు. వీడియో కాల్లో నాకు అంతా చూపించాడు. ‘మావయ్యా, మీ పనేనండి ఇది, లోపల వైరు తేడా అంతే’ అన్నాడు.

నిజమే. తోలు కింద సన్నటి తీగల పట్టీ పరిచి, కరెంటు పంపితే అది వేడెక్కుతుంది. పైన తోలు మేం కుట్టినట్టే కుట్టాలి. కుట్టు దాకా నాకు కొత్తేమీ లేదు. కష్టమంతా ఆ కరెంటుని తిరిగే చక్రంలోకి పంపడంలో. పాత లారీలో హారన్‌కి ఒక వైరు పోతే చాలు, స్టీరింగు కింద ఒక రాగి రింగు దాన్ని రాసుకుంటూ ఉంటుంది. ఇప్పటి బండిలో చుట్టలా చుట్టిన పల్చటి పట్టీ కేబుల్ ఉంటుంది. చక్రం అటు తిప్పితే విప్పుకుంటుంది, ఇటు తిప్పితే చుట్టుకుంటుంది. ఎయిర్‌బ్యాగు వైర్లు కూడా దాంట్లోంచే. అందుకే ముందు బ్యాటరీ తీసి, ఎయిర్‌బ్యాగులో మిగిలిన కరెంటు పోయేదాకా ఆగి, అప్పుడు దాన్ని జాగ్రత్తగా విప్పాలి. నడుమ నట్టు తీసే ముందు చక్రం ఏ కోణంలో ఉందో గీత పెట్టుకోవాలి. కేబుల్ నడిమికి లేకుండా బిగిస్తే ఒక మలుపులో తెగుతుంది. ఫ్యూజు, రిలే పెట్టి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా కలపాలి. సిగరెట్ లైటరుకి గుచ్చి వైరు వేలాడే చవక తొడుగులు కూడా ఉంటాయట. తిరిగే చక్రానికి వేలాడే వైరు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

వేడి స్టీరింగు ఆలోచన పాతదే. 1910లలోనే అమెరికాలో దానికి పేటెంటు అడిగారు. అప్పటి కార్లకి కప్పు సరిగా ఉండేది కాదు, హీటరు లేదు. అంటే మన ఛాసిస్ డ్రైవరు పరిస్థితే. చలి దేశంలో ఆ అవసరానికి కంపెనీ ధర కట్టి అమ్మింది, కొనలేనివాడు కిట్ వేయించుకున్నాడు. మా దగ్గర అవసరం ఎండది. ఇక్కడ గాలి వీచే సీట్లు ఈమధ్యనే మామూలు కార్ల దాకా వచ్చాయి, అవీ కార్లలో కూర్చునేవాళ్ళకే. ఎండలో తిరిగే బండికి సుఖం చివరాఖరున వస్తుంది.

కంపెనీ పని తిరిగి తీసుకోవడం

మార్పు రాలేదని కాదు. అశోక్ లేలాండ్ 1969లోనే పవర్ స్టీరింగు తెచ్చింది. కానీ మా కొట్టుకొచ్చే లారీల్లో అది మామూలు సంగతి అవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఎనభైల నడుమ జపాను కంపెనీలతో కలిసి చిన్న లారీలు వచ్చాయి. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళ ఆల్విన్ నిస్సాన్. 1986లో టాటా 407. వీటికి కేబిన్ కంపెనీ నుంచే వచ్చింది, సీటు కూడా వచ్చింది. వడ్రంగి ముందు పని పోగొట్టుకున్నాడు, తర్వాత రేకు పనివాడు. చక్రం చిన్నదైంది, మెత్తబడింది, ఒక్క వేలితో తిరగడం మొదలైంది. వైరు అల్లకం అడిగేవాళ్ళు తగ్గారు. కార్లలో ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాక మేము చక్రం అంచు తప్ప నడిమికి చెయ్యి పెట్టడం మానేశాం.

అన్నిటికంటే పెద్ద మార్పు మొన్నటిది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకి డ్రైవరు కేబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. డెబ్భై ఏళ్ళుగా డ్రైవరు బత్తాలో ఉన్న ఖర్చు మొదటిసారి బండి ధరలోకి ఎక్కింది. నాకు బేరం పోతుందని తెలిసి కూడా ఆ వార్త మంచిదే అనుకున్నాను. ఒక పక్క ఎండ, ఒక పక్క ఇంజను మధ్య మనిషి ఉడికి, కునుకు పట్టి, తెల్లారేసరికి డివైడరు ఎక్కిన లారీలు ఈ హైవే మీద ఎన్ని చూశామో.

అయితే ఆ నిబంధనకి ఒక గీత ఉంది. అది మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన బండ్లకే. దాని కింద ఉన్న పికప్‌లకి వర్తించదు. ఇప్పుడు డెల్టాలో పల్లె నుంచి సంతకి సరుకు కదిపేది ఎవరంటే ఆ పికప్‌లే. 2005లో టాటా ఏస్ వచ్చిన దగ్గర్నుంచి, బొలెరో పికప్‌లు, దోస్త్‌లు వచ్చిన దగ్గర్నుంచి, అరటి గెలలు, కొబ్బరి బస్తాలు, రొయ్యల మేత, కడియం మొక్కలు మొదటి ముప్ఫై నలభై కిలోమీటర్లు వీటి మీదే పోతున్నాయి. తోలేది చాలాసార్లు ఓనరే. కాబట్టి ఓనరు ఖర్చా, డ్రైవరు ఖర్చా అన్న పాత గొడవ అక్కడ లేదు. కొనేటప్పుడు ఏసీ లేని మోడలు తీసుకుంటే కాస్త మిగులుతుంది, వాయిదా తగ్గుతుంది. ఆ మిగిలింది మే నెలలో ఒంటి మీద తీరుతుంది.

అందుకే మా కొట్టు ఇంకా తెరిచి ఉంది. ఇప్పుడు మా గిరాకీలో సగం పైన పికప్‌లే. చక్రానికి బెజ్జాల తోలు, సీటుకి ఫ్యాను పెట్టిన జాలీ పరుపు, కేబిన్‌లో పన్నెండు వోల్టుల ఫ్యాను రెండు, వెనక అద్దానికి ఎండ కాగితం. మా అబ్బాయి సూదితో పాటు వైరింగు కూడా నేర్చుకున్నాడు, వాడి సంపాదన ఎక్కువ భాగం వైరింగు మీదే. పెద్ద లారీలో కూర్చున్నవాడికి చట్టం ఇచ్చింది చిన్న బండివాడికీ ఇవ్వాలని నేను అడిగితే వాడు నవ్వుతాడు, ‘అప్పుడు మనం ఏం కుడతాం నాన్నా’ అని. అప్పుడు కుట్టడానికి ఇంకేదో వస్తుందిలే. పెద్ద లారీ కేబిన్ల పని పోయాక ఏస్‌లు రాలేదూ? 3.5 టన్నుల కింద గీసిన ఆ గీత మాత్రం చెరిపెయ్యాలి. రొయ్యల మేత బస్తాలు వేసుకుని మధ్యాహ్నం రెండింటికి పాలకొల్లు రోడ్డు మీద పోయే పికప్‌లో కూడా అదే ఎండ.